ఉల్లిగడ్డ సంచిలో కుళ్లుతుందా, చేనులో కుళ్లుతుందా?

ఈ నెల గోడ పత్రికలో పాఠం రాసే వంతు తొమ్మిదో తరగతికి వచ్చింది. కవితలు, పొడుపు కథలు, జోకులు వేరేవాళ్లు రాసినారు. నేను ఉల్లిగడ్డ గురించి రాస్తున్నాను. కొంచెం పెద్దదే అయింది. అన్నం గంట కొట్టేలోపల అయిపోకపోతే సాయంత్రం మళ్లీ వచ్చి చదవండి. దయచేసి కాగితం చివరలు పీకవద్దు.

పుస్తకంలో ఉల్లిపాయ అని ఉంటుంది. మా గూడెం పక్క ఉల్లిగడ్డ అంటాము. కొందరు ఎర్రగడ్డ అంటారు. మూడూ ఒకటే.

వానాకాలంలో మన స్టోరు గది తలుపు తీస్తే ఒక వాసన వస్తుంది. అది ఏమి వాసనో మీకు చెప్పే పని లేదు. సంచి విప్పితే పైన గడ్డలు బాగానే ఉంటాయి, నడుమ చెయ్యి పెడితే వేలు లోపలికి దిగుతుంది. గదిలో గాలి లేదని వంట అక్కలు అంటారు. తెచ్చినవాళ్లు చూసి తేలేదని పిల్లలు అంటారు. రెండింట్లోనూ కొంత నిజం ఉంది. కానీ సైన్సు మేడమ్ చెప్పినది, లైబ్రరీలో వ్యవసాయం పుస్తకంలో చదివినది, దసరా సెలవుల్లో మా అమ్మను అడిగి తెలుసుకున్నది కలిపి చూస్తే నాకు ఇంకో సంగతి తెలిసింది. సంచిలో మనకు కనబడే కుళ్లు చాలా మటుకు చేనులోనే గడ్డలోకి దూరి వస్తుంది. గది దాన్ని పెంచుతుంది, అంతే.

మా అమ్మ ఉల్లి కోత కూలికి పోతుంది. మాది నల్లమల అంచున చెంచు గూడెం. అడవిలో ఫలం తక్కువైన నెలల్లో మా వాళ్లు గుంపుగా కర్నూలు పక్క చేలకు పోతారు. ఆంధ్రప్రదేశ్‌లో ఉల్లి ఎక్కువగా పండేది కర్నూలు జిల్లాలోనే. అందుకని ఈ పాఠంలో సగం అమ్మదే అనుకోండి.

ముందు గడ్డ లోపల ఏముందో చూద్దాం. ఉల్లిగడ్డ వేరు కాదు. భూగర్భ కాండం. దీన్ని లశునం అంటారు, పరీక్షలో వస్తుంది. అయితే అసలు కాండం చాలా చిన్నది. అడుగున వేర్లు అంటుకొని ఉండే గట్టి బిళ్ల ఉంటుంది కదా, అదే కాండం. మనం తినే పొరలన్నీ ఆకుల మొదళ్లు. పైన పచ్చగా గొట్టం మాదిరి ఉండే ఆకు కిందికి దిగి గడ్డలో ఒక పొర అవుతుంది. ఇంకో ఆకు ఇంకో పొర. ఆకులన్నీ కలిసి సన్నగా అయ్యే చోటును మెడ అంటారు. నేను గీసిన బొమ్మ పక్కన ఉంది. ఎర్ర పెన్సిల్‌తో గీసినది మెడ.

ఇది తెలిస్తే వంటగదిలో మనం చూసే ఒక వింత అర్థమవుతుంది. గడ్డను అడ్డంగా కోస్తే పై రెండు పొరలు బాగుంటాయి, మూడో పొర మాత్రం గోధుమ రంగుగా, జిగటగా, నీళ్లు కారుతూ ఉంటుంది, దాని లోపలి పొర మళ్లీ బాగుంటుంది. లోపల పురుగు పట్టింది అంటారు గానీ అది పురుగు కాదు. బాక్టీరియా. అది పక్క నుంచి రాలేదు. పక్క నుంచి వస్తే పై పొరలు ముందు చెడిపోవాల కదా! పైన ఏదో ఒక ఆకుకు దెబ్బ తగిలి, అక్కడ వాన నీళ్లు నిలిచి, ఆ ఆకు గొట్టం వెంబడి బాక్టీరియా దిగి, ఆ ఆకుకు చెందిన పొరలోకే పోయింది. అంటే ఆ గడ్డ మన స్టోరుకు రాకముందే, లారీ ఎక్కకముందే, ఆకు పచ్చగా ఉన్నప్పుడే జబ్బు పడింది. నాకైతే ఈ ఒక్క సంగతి చాలు, కుళ్లు చేనులో మొదలవుతుందని నమ్మడానికి.

కాబట్టి మెడ అనేది తలుపు. ఆ తలుపు మూసుకుంటే గడ్డ నిలుస్తుంది. మూసుకోకపోతే నిలవదు. మెడ ఎట్లా మూసుకుంటుందో చెప్తాను.

ఉల్లి పెరిగేటప్పుడు ఆకులు సూర్యరశ్మితో ఆహారం తయారుచేసి కిందికి పంపుతాయి. గడ్డ ఊరడం అయిపోయినాక కొత్త ఆకులు రావడం ఆగిపోతుంది. అప్పుడు మెడ లోపల ఖాళీ అయి మెత్తబడుతుంది. పైన ఆకుల బరువుకు అది వంగి నేల మీద పడిపోతుంది. దీన్ని మెడలు వాలడం అంటారు. చేనులో సగం మొక్కలకు మెడలు వాలితే గడ్డ పక్వానికి వచ్చిందని గుర్తు. అప్పుడు పీకి, ఆకుతోనే ఆరబెడితే మెడ ఎండి, ముడుచుకొని, కాగితం మాదిరి అయిపోతుంది. ఆ ఎండిన మెడలో నుంచి బూజు గానీ బాక్టీరియా గానీ దిగడం కష్టం. పైన ఎండు పొర కూడా ఊరికే ఉండేది కాదు. ఎర్రగా, పసుపుగా ఉండే ఉల్లి ఎండు పొరలో ఒక రకమైన బూజును ఆపే పదార్థం ఉందని అమెరికాలో 1929లో శాస్త్రవేత్తలు కనుక్కున్నారు. తెల్ల ఉల్లిలో ఆ పదార్థం లేదు కాబట్టి ఆ బూజు దానికి తొందరగా పడుతుంది. మనం చెత్త అని ఊడ్చి పారేసే పొట్టు గడ్డకు అంగీ లాంటిది.

ఇప్పుడు యూరియా సంగతి. దీనికి కొంచెం ఎక్కువ రాస్తాను.

ఉల్లికి నత్రజని కావాల. లేకపోతే ఆకు పెరగదు, ఆకు లేకపోతే గడ్డ లేదు. కానీ ఎప్పుడు వేస్తారనేది ముఖ్యం. నాటేటప్పుడు కొంత, నాటినాక 30 రోజులకు కొంత, 45 రోజులకు కొంత వేసి ఆపేయాల. 60 రోజులు దాటినాక వేయకూడదు. అప్పుడు గడ్డ ఊరే టైము. ఆ టైములో యూరియా చల్లితే మొక్క గడ్డ మాట మరిచిపోయి మళ్లీ కొత్త ఆకులు వేస్తుంది. మెడ బొటనవేలు లావు అవుతుంది. లావు మెడ వాలదు, వాలినా ఎండదు. గడ్డ చూడడానికి పెద్దగా ఉంటుంది, లోపల నీళ్లు ఎక్కువ, పొరలు వదులు. మామూలు ఉల్లిగడ్డలోనే నూటికి 86 నుంచి 89 పాళ్లు నీళ్లే ఉంటాయట. దానికి ఇంకా నీళ్లు పట్టిస్తే ఏమవుతుందో మీరే చెప్పండి. పొటాష్, గంధకం సరిగా అందిన గడ్డ గట్టిగా ఉంటుంది, ఘాటు కూడా ఉంటుంది. కోసేటప్పుడు కళ్ల నీళ్లు తెప్పించే గడ్డను తిట్టుకుంటాము గానీ, అది గంధకం వల్ల వచ్చే ఘాటు. చప్పగా, నీళ్ల గడ్డలుగా ఉండే రకాలు ఎక్కువ రోజులు నిలవవు.

మరి రైతులు ఆలస్యంగా ఎందుకు వేస్తారు? తెలియక కాదు. పెద్ద గడ్డకు మార్కెట్లో ధర ఎక్కువ. తడి గడ్డ కాటాలో ఎక్కువ తూగుతుంది. పీకిన రోజే అమ్మేవాడికి రెండు నెలల తర్వాత కుళ్లితే ఏమి? వాసన పీల్చేది వేరేవాళ్లు. రైతు నుంచి వ్యాపారికి, వ్యాపారి నుంచి దుకాణానికి, దుకాణం నుంచి మన హాస్టలుకు గడ్డ చేతులు మారుతుంది. లోపల కుళ్లు కూడా దాంతోపాటు చేతులు మారుతుంది. రైతును తప్పు పట్టడానికి రాయలేదు, వాళ్లకు కూడా నిలవ చేసే చోటు లేదు. ఆ సంగతి తర్వాత వస్తుంది.

నీళ్లు కూడా ఇట్లాంటిదే. పీకడానికి 10 నుంచి 15 రోజుల ముందే తడి కట్టడం ఆపాల. అప్పుడే మెడ ఎండడం మొదలవుతుంది, పై పొర రంగు తిరుగుతుంది. కానీ చాలా చేలల్లో పీకే ముందు రోజు నీళ్లు పెడతారు. ఎందుకంటే నల్లరేగడి ఎండితే రాయి మాదిరి అవుతుంది. ఆకు పట్టుకొని లాగితే ఆకు చేతికి వస్తుంది, గడ్డ భూమిలోనే ఉంటుంది. నిజం చెప్పాలంటే కూలికి పోయే ఆడవాళ్లు కూడా తడి నేలనే ఇష్టపడతారు. ఎండు నేలలో పొద్దున నుంచి పీకితే అరిచేతులు బొబ్బలెక్కుతాయి. అమ్మ చేతులు నేను చూసినాను. ఎర్ర నేలలో, ఎత్తు మడుల మీద వేసిన పంటకు ఈ బాధ తక్కువ. నేల గుల్లగా ఉంటుంది, నీళ్లు నిలవవు, ఊరికే లాగితే వస్తుంది. రేగడి నేలలో అయితే గడ్డకు దూరంగా తొలికతో కింద నుంచి కదిలించి తరువాత చేత్తో తీయాల. పని ఎక్కువ పడుతుంది. ఆ ఎక్కువ పనికి కూలి ఎవరు ఇస్తారని అమ్మ అడిగింది. పుస్తకంలో ఆ జవాబు లేదు.

వానాకాలం పంటకు ఇంకో కష్టం ఉంది. జూన్, జూలైలో వేసి సెప్టెంబరు, అక్టోబరులో పీకేటప్పటికి నేలలో తేమ పోదు, మబ్బు పోదు. అందుకని మెడలు వాటంతట అవి వాలవు. కొందరు రైతులు ఖాళీ డ్రమ్మును మడుల మీద దొర్లించి మెడలను వంచుతారు. నేను మొదట విన్నప్పుడు ఇదేమి ఆట అనుకున్నాను. ఆట కాదు, వాలని మెడను వాల్చే పద్ధతి అది. ఆ తరువాత కొన్ని రోజులు ఆగి, ఆకు పసుపు పచ్చగా తిరిగినాక పీకాల. అదే రబీ పంట అయితే నవంబరు, డిసెంబరులో నాటి, ఎండలు ముదిరే మార్చి, ఏప్రిల్‌లో పీకుతారు. వాన లేదు, మబ్బు లేదు. మెడలు వాటంతట అవే వాలి చక్కగా ఎండుతాయి. మహారాష్ట్రలో నాసిక్, లాసల్‌గావ్ పక్క రైతులు ఏప్రిల్, మే నెలల్లో పీకిన రబీ ఉల్లిని అక్టోబరు, నవంబరు దాకా నిలవ పెట్టేది ఇందువల్లే. రకం కూడా ముఖ్యమే. ఎన్-53, అగ్రిఫౌండ్ డార్క్ రెడ్ అనేవి వానాకాలం రకాలు, ఎక్కువ నిలవవు. అగ్రిఫౌండ్ లైట్ రెడ్, పుణె దగ్గర రాజగురునగర్ పరిశోధన సంస్థ వాళ్లు తయారుచేసిన భీమా శక్తి, భీమా కిరణ్ అనేవి సరిగా ఆరబెడితే నాలుగైదు నెలలు ఉంటాయి. వానాకాలం గడ్డను రబీ గడ్డ మాదిరి సంచిలో కట్టి మూల పెడితే అది కుళ్లక ఏమి చేస్తుంది?

పీకినాక వెంటనే ఆకు కోయకూడదు. ఆకుతోనే చేనులో వరుసలుగా మూడు నుంచి ఐదు రోజులు పరచాల. ఒక వరుస ఆకులు ముందు వరుస గడ్డల మీద దుప్పటి మాదిరి పడేటట్టు పరుస్తారు. ఎందుకంటే ఎండ నేరుగా గడ్డకు తగిలితే ఆ పక్క ఉడికినట్టు తెల్లగా, మెత్తగా అవుతుంది. దాన్ని ఎండ దెబ్బ అంటారు. అక్కడే తరువాత కుళ్లు పడుతుంది. ఎండాల, కానీ ఎండ తగలకూడదు. వినడానికి పొడుపు కథ మాదిరి ఉంది కదా! ఆకులో మిగిలిన సారం కూడా ఈ రోజుల్లోనే గడ్డలోకి దిగుతుంది. తరువాత ఆకు కోసి, నీడలో, గాలి తగిలే చోట ఇంకా పది పన్నెండు రోజులు ఆరబెట్టాల. అప్పుడు మెడను రెండు వేళ్లతో నలిపితే జారకూడదు, గలగలమనాల. నడుమలో వాన వస్తే పట్ట కప్పుతారు. పట్టను నేల దాకా నాలుగు పక్కలా మూసేస్తే లోపల ఆవిరి పట్టి వాన కంటే ఎక్కువ చెడుపు చేస్తుంది. పైన మాత్రమే కప్పి పక్కలు వదలాల.

ఇంక ఆకు కోసే పని. ఇది మా అమ్మ పని. గడ్డ పైన రెండు, రెండున్నర సెంటీమీటర్లు, అనగా సుమారు అంగుళం మెడ వదిలి కోయాల. గడ్డకు ఆనించి కోస్తే పొరల నోళ్లన్నీ తెరుచుకుంటాయి. అది పుండు మాదిరి. నల్ల బూజు, బాక్టీరియా అక్కడి నుంచే దిగుతాయి. కూలి రోజుకు కాదు, సంచికి ఇంత అని గుత్తకు ఇస్తారు. ఎన్ని సంచులు నింపితే అంత. అంగుళం కొలిచి కోసుకుంటూ కూర్చుంటే సాయంత్రానికి చేతికి ఏమీ రాదు. అందుకని కొడవలి ఎక్కడ తగిలితే అక్కడ తెగుతుంది. పైగా మెడ పొడుగ్గా ఉంటే సరుకు బాగా కనబడదని, దగ్గరగా కోయమని చెప్పే ఆసాములు కూడా ఉన్నారట.

పోయిన ఏడాది ఒక ఆసామి చేనులో ఇట్లా జరిగింది. సరుకు మార్కెట్‌కు పోయినాక గడ్డలు మెత్తబడినాయని వ్యాపారి తరుగు తీసినాడట. ఆసామి వచ్చి, మీరు మెడలు సరిగా కోయలేదు అని మా గుంపు కూలిలో సంచికి కొంత పట్టుకొని ఇచ్చినాడు. అమ్మ వాళ్లు ఎంత చెప్పినా వినలేదు. అమ్మ ఏమన్నదంటే, "నిన్న నీళ్లు పెట్టి, ఈ పొద్దు పీకించి, రాత్రికి లారీ ఎక్కిస్తే, నేను జానెడు మెడ వదిలినా ఆగదు."

అమ్మ చదువుకోలేదు. కానీ పుస్తకంలో ఉన్నది కూడా అదే. అంగుళం మెడ వదిలేది ఆ మెడ ఎండడానికి. ఎండడానికి రోజులు ఇవ్వకపోతే అంగుళం వదిలినా వదలకపోయినా ఒకటే. తడి మెడ తెరిచిన తలుపే. దగ్గరగా కోస్తే నష్టం జరుగుతుంది, నిజమే. కానీ ఆలస్యంగా వేసిన యూరియా, ఆపని నీళ్లు, వాలని మెడ, ఆరబెట్టని గడ్డ ఇవన్నీ దాటి వచ్చినాక కడపట కొడవలి పట్టుకున్న చేతినే అందరూ చూస్తారు. మా అమ్మ కాబట్టి ఇట్లా రాస్తున్నానని క్లాసులో కొందరు అన్నారు. సరే, పుస్తకం తెచ్చి చూసుకోండి. లైబ్రరీలో రెండో బీరువాలో ఉంది.

దెబ్బల గురించి. అడవిలో గడ్డలు తవ్వేటప్పుడు మా అవ్వ, గడ్డపార తగిలిన గడ్డను వేరే పెట్టి, దాన్ని ఆ పొద్దే ఉడకబెడుతుంది. మంచివి మట్టితోనే ఉంచుతుంది. ఉల్లి కూడా అంతే. తొలిక తగిలినవి, పైనుంచి విసిరినవి, లారీలోకి సంచి ఎత్తి పడేసినప్పుడు అడుగున నలిగినవి పైకి బాగానే కనబడతాయి. నలిగిన చోట లోపల నీరు ఊరుతుంది. నల్ల బూజుకు ఆ నీరు చాలు. మనం వంటగదిలో పొట్టు తీసినప్పుడు మసి మాదిరి నల్ల పొడి చేతికి అంటుతుంది కదా, అది మట్టి కాదు. ఆస్పర్జిల్లస్ నైగర్ అనే శిలీంధ్రం. దాని విత్తులు నేలలో, గాలిలో అన్నిచోట్లా ఉంటాయి. వేడి, తేమ రెండూ కలిసి ఉంటే బాగా పెరుగుతుంది. మన స్టోరు గది దానికి చాలా ఇష్టం.

అడుగు నుంచి వచ్చే కుళ్లు వేరే. వేర్లు ఉండే బిళ్ల కాడ తెల్లగా దూది మాదిరి బూజు కనబడితే అది ఫ్యుజేరియం. అది నేలలో ఏళ్ల తరబడి బతుకుతుంది. అందుకని ఏటా అదే చేనులో ఉల్లి వేయకుండా మూడు నాలుగేళ్లు జొన్న, మొక్కజొన్న లాంటివి మార్చి వేయాలని చెప్తారు. నీళ్లు నిలిచే చేనులో ఇది ఎక్కువ. దీనికి మందు సంచిలో చల్లితే పోదు.

సంచికి ఎత్తే ముందు ఏరడం కూడా పెద్ద పనే. జంట గడ్డలు, లావు మెడవి, పూతకాడ వచ్చినవి, మొలక వచ్చినవి, దెబ్బ తగిలినవి పక్కకు తీయాల. పూతకాడ వచ్చిన గడ్డ నడుమ బోలుగా గొట్టం ఉంటుంది, అది నేరుగా గడ్డ కడుపులోకి దారి. ఇవన్నీ పనికిరావని కాదు. తొందరగా తినేయాల, అంతే. నిలవకు మాత్రం పెట్టకూడదు.

ఒక ఆదివారం వంట అక్కలతో కలిసి మేము నలుగురం ఒక సంచి కింద పోసి ఏరినాము. మెడ కాడ మెత్తగా ఉన్నవి ఒక కుప్ప, పక్కన దెబ్బ ఉన్నవి ఒక కుప్ప, అడుగున బూజు ఉన్నవి ఒక కుప్ప. మెడ కుప్పే అన్నిటికంటే పెద్దది. అడుగు కుప్పలో నాలుగైదే ఉన్నాయి. మెడ కుప్పలో చాలా గడ్డలకు మెడ లావుగా, తడిగా ఉంది, కొన్నింటికి మెడే లేదు, గుండుగా కోసి ఉన్నాయి. చూడగానే ఆ చేను నాకు కళ్ల ముందు కనబడింది.

నిలవ చేసే చోటు గురించి తక్కువ రాస్తాను, ఎందుకంటే ఇది మీరు తొందరగా పట్టుకోగలరు. గడ్డ ప్రాణం ఉన్నది. ఊపిరి తీస్తుంది, వేడిని, తేమను వదులుతుంది. కుప్ప నాలుగైదు అడుగుల కంటే ఎత్తు ఉంటే నడుమ వేడెక్కుతుంది, అడుగువి నలుగుతాయి. నేల మీద కాకుండా వెదురు తడికె మీద, కింద నుంచి గాలి వచ్చేటట్టు పోయాల. గోనె సంచి కంటే వల సంచి మేలు. 25 నుంచి 30 డిగ్రీల వేడి, గాలిలో తేమ నూటికి 65 నుంచి 70 ఉంటే మంచిది. మామూలుగా ఇట్లాంటి జాగ్రత్తలు లేకుండా నాలుగైదు నెలలు పెడితే ఎండడం, మొలకెత్తడం, కుళ్లడం మూడూ కలిపి సగం దాకా పోవచ్చు. అయితే ఎంత మంచి గది కట్టినా తడి మెడ గడ్డను పొడి మెడ గడ్డగా మార్చలేదు.

ముందర వదిలిపెట్టిన సంగతి ఇప్పుడు. కర్నూలు రైతుకు నిలవ చేసే వీలు ఉంటే ఏమవుతుంది? పంట అంతా వానాకాలంలో ఒకేసారి వస్తుంది. గడ్డ నిలవదు, కాబట్టి ఎంత ధర వస్తే అంతకు అమ్మాల. 2025లో ధర మరీ పడిపోయినప్పుడు ప్రభుత్వం క్వింటాలు 1,200 రూపాయలకు కర్నూలు మార్కెట్‌లో కొన్నది. ఆ ఏడాది మా గుంపుకు పని కూడా సగమే దొరికింది, కొందరు పీకించే ఖర్చు కూడా రాదని చేనులోనే దున్నేసినారు. నెల రోజులు నిలిచే గడ్డ ఉంటే రైతు నెల రోజులు ఆగగలడు. ఆగగలిగితే పీకే ముందు రోజు నీళ్లు పెట్టే పని ఉండదు. గుత్త కాకుండా రోజు కూలికి నిదానంగా కోయించగలడు. ఇది నా ఆలోచన మాత్రమే. అమ్మకు చెప్తే, "ముందు నువ్వు పది పాసుకా" అన్నది.

మన స్టోరుకు వచ్చే సంచి మంచిదో కాదో చూడడం ఎట్లాగంటే, సంచి దించినప్పుడే నడుమ చెయ్యి పెట్టి పది గడ్డలు తీయండి. మెడను రెండు వేళ్లతో నొక్కండి. ఎండి బిగిసి ఉంటే పైన పెట్టండి. జారితే ఆ సంచిని ముందు వాడేయండి. వచ్చిన వరుసలో కాదు, మెడ చూసి వాడాల. వంట అక్కలు ఇప్పుడు ఇట్లానే చేస్తున్నారు.

ఇంకొకటి. సైన్సు గది కిటికీలో మూడు ఉల్లిగడ్డలు పెట్టినాము. మూడూ ఒకే చేనువి, అమ్మ సెలవుల్లో తెచ్చి ఇచ్చింది. ఒకటి గుండుగా కోసినది. ఒకటి అంగుళం వదిలి కోసినది. ఒకటి ఆకుతోనే దారం కట్టి వేలాడదీసినది. కింద చీటీల మీద పెట్టిన తేదీ రాసి ఉంది. దీపావళికి ఒకసారి, సంక్రాంతి సెలవులకు ముందు ఒకసారి కోసి లోపల పొరలు చూస్తాము. అప్పటిదాకా నొక్కి చూడవద్దు, నలుగుతాయి.

– తొమ్మిదో తరగతి విద్యార్థిని